బిడ్డ నోరు విప్పినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పిల్లలపై జరిగే లైంగిక అఘాయిత్యాల గురించి మీ సందేహాలు రాయమని కోరినప్పుడు, బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటిని ఇక్కడ ఎంచుకున్నాను. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: మేము మారతహళ్ళిలో ఉంటాము, ఇద్దరమూ ఉద్యోగస్థులమే. మా పాపకు 8 ఏళ్ళు. మా వారి చిన్నాన్నగారి అబ్బాయి ఉద్యోగ ప్రయత్నాల కోసం వచ్చి ఆరు నెలలుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. సాయంత్రం బడి నుంచి వచ్చిన పాపను అతనే చూసుకుంటాడు. నెల రోజులుగా పాప కింది ఇంటి ఆంటీ దగ్గరే ఉంటానని మారాం చేస్తోంది, రాత్రిళ్ళు పక్క తడుపుతోంది. మొన్న తల దువ్వుతుంటే "బాబాయి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎక్కడెక్కడో చెయ్యి పెడతాడు, అమ్మకు చెబితే నిన్నే కొడుతుంది అన్నాడు" అని చెప్పింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా అత్తగారు "పిల్ల ఏదో కల్పించి చెబుతోంది, వాడికి సంబంధాలు చూస్తున్నాం, ఇంటి గుట్టు బయట పెట్టకు, నెమ్మదిగా ఊరికి పంపించేద్దాం" అంటున్నారు. మా వారు ఏమీ తేల్చుకోలేకపోతున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందుగా పాప మాట నమ్మండి. 8 ఏళ్ళ పిల్ల పోగొట్టుకున్న పెన్సిలు గురించి, చేయని హోంవర్కు గురించి అబద్ధం చెప్పవచ్చు కానీ, తనకు తెలియని విషయాన్ని ఇంత స్పష్టంగా కల్పించి చెప్పడం చాలా అరుదు. పైగా చెబితే దెబ్బలు పడతాయని ఒక పెద్దవాడు బెదిరించిన తరువాత కూడా చెప్పిందంటే, ఆ తల దువ్వే వేళ కోసం ఎన్ని రోజులు ఎదురుచూసి ఉంటుందో ఆలోచించండి. కింది ఇంట్లో ఉంటానని చేసిన మారాం కూడా ఆమె తనకు చేతనైన రీతిలో చెప్పిన మాటే. పక్క తడపడానికి విడిగా వేరే కారణాలు ఎన్నో ఉండవచ్చు, ఒక్క లక్షణాన్ని పట్టుకుని ఎవరినీ దోషిగా నిర్ణయించకూడదన్నది నిజమే. కానీ బిడ్డ నోటితో చెప్పిన తరువాత ఇక లక్షణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవలసిన అవసరం లేదు.

మీ అత్తగారికి చెడు ఉద్దేశం ఉందని నేను అనను. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న మాట వింటూ పెరిగిన తరం వారిది, ఇంటి ఐక్యతను కాపాడుతున్నాననే వారు అనుకుంటూ ఉండవచ్చు. అయితే ఈ గుట్టు వల్ల మేలు కలిగేది ఆ యువకుడికి ఒక్కడికే. అతన్ని ఊరికి పంపిస్తే అక్కడి ఇళ్ళలోనూ పిల్లలు ఉంటారు; రేపు సంబంధం కుదిరితే ఆ ఇంట్లోనూ ఉంటారు. ఇక మీ పాపకు మిగిలే పాఠం ఏమిటంటే, తాను చెప్పినందుకు పెద్దవాళ్ళు ముఖాలు ముడుచుకున్నారు, ఆ తరువాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు అని. ఇలా నేర్చుకున్న పిల్లలు రెండవసారి చెప్పడం నేను చాలా తక్కువగా చూశాను.

ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. పాప, అతను ఒకే కప్పు కింద ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. ఇల్లు వదలవలసినది అతను. పాపను అమ్మమ్మగారి ఊరికి పంపవద్దు, పంపితే శిక్ష తనకే పడిందనుకుంటుంది. అతన్ని నిలదీసి గొడవకు దిగవద్దు, దానివల్ల అతను జాగ్రత్తపడతాడు, పాపపై ఒత్తిడి పెరుగుతుంది. పాపను పదే పదే అడగవద్దు, "ఇక్కడ చెయ్యి వేశాడా, అక్కడ వేశాడా" అంటూ మాటలు అందించవద్దు, బంధువులందరి ముందు మళ్ళీ చెప్పించవద్దు. తాను ఏ మాటలతో చెప్పిందో అవే మాటలను తేదీ, సమయంతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాపతో "నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు ఏమీ లేదు, అమ్మ నిన్ను కొట్టదు" అనండి. ఈ చివరి మాటను రెండు మూడుసార్లయినా చెప్పండి, ఎందుకంటే అతను మీ కోపాన్నే తన తాళంగా వాడుకున్నాడు. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాట ఇవ్వవద్దు, అది మీరు నిలబెట్టుకోలేని మాట.

తరువాత 1098కి ఫోన్ చేయండి. కన్నడిగులు మక్కళ సహాయవాణి అనే ఈ బాలల సహాయవాణి ఉచితంగా 24 గంటలూ పనిచేస్తుంది. లేదా నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళవచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారందరూ బాలలే. బంధువు చేసినా, బిడ్డ వయసు 12 ఏళ్ళలోపు ఉన్నా ఆ నేరం మరింత తీవ్రమైనదవుతుంది; లైంగిక ఉద్దేశంతో తాకడమే అయినప్పటికీ అటువంటి సందర్భంలో కనీస శిక్ష 5 ఏళ్ళు. "బట్టల మీది నుంచే కదా" అని ఎవరైనా తేలికచేయబోతే, చర్మానికి చర్మం తగిలితేనే నేరమన్న వాదనను సుప్రీంకోర్టు 2021 నవంబరులో తోసిపుచ్చిందని చెప్పండి. ఒంటి మీద గాయం లేకపోవడం నేరం జరగలేదనడానికి రుజువు కాదని కూడా గుర్తుంచుకోండి.

స్టేషను పేరు వినగానే తల్లులు భయపడతారని నాకు తెలుసు, కాబట్టి ఈ భాగాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను. పాప వాంగ్మూలాన్ని మీ ఇంట్లో గానీ, పాప కోరుకున్న చోట గానీ తీసుకోవాలి, వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు. రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచకూడదు, నిందితుడు ఎదురుపడకుండా చూడాలి. వైద్య పరీక్ష అవసరమైతే ఆడపిల్లను మహిళా డాక్టరే, మీరో పాప నమ్మే మరొకరో పక్కన ఉండగా పరీక్షించాలి. అత్యవసర చికిత్స చేయడానికి ముందు ఏ ఆసుపత్రీ పోలీసు కాగితాలు అడగకూడదు. పోలీసులు 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక న్యాయస్థానానికీ తెలియజేయాలి. కేసు నడిచినంత కాలం మీకు తోడుండే సహాయక వ్యక్తిని ఆ సమితి నియమించగలదు. ఆ తోడును తప్పక అడిగి తీసుకోండి, ఎందుకంటే మొదటి నెల గడిచాక బంధువులు ఒక్కొక్కరే ఫోన్ చేసి "ఇక చాలు, వదిలెయ్యి" అంటారు, అప్పుడు మనిషి తోడు కావాలి.

మీ వారి గురించి ఒక మాట. తన ఇంటివాడే ఇలా చేశాడన్న నిజం ఆయనకు కూడా దెబ్బే. ఆయనకు కొంత సమయం ఇవ్వండి, కానీ ఆయన తేల్చుకునేవరకు ఫిర్యాదును ఆపవద్దు.

ప్రశ్న: కె.ఆర్.పురం వైపు కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్ల పక్కన మా ఇల్లు. అక్కడి రేకుల షెడ్లలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. వాళ్ళు పనిలోకి వెళ్ళాక పిల్లలు పగలంతా వీధిలోనే తిరుగుతారు. ఒక దుకాణదారుడు ఇద్దరు ఆడపిల్లలకు చాక్లెట్లు, చిల్లర ఇచ్చి తరచుగా లోపలికి పిలుస్తున్నాడు, అప్పుడు షట్టరు సగం దించి ఉంటోంది. నా దగ్గర రుజువేమీ లేదు. నేను చెప్పింది తప్పయితే నాపై కేసు పెడతారా? ఆ తల్లిదండ్రులకు కన్నడం కూడా రాదు.

సమాధానం: రుజువు వెతకడం మీ పని కాదు, పోలీసుల పని. నేరం జరిగిందని తెలిసినప్పుడే కాదు, జరిగే అవకాశం ఉందన్న అనుమానం కలిగినప్పుడు కూడా తెలియజేయాలని పోక్సో చట్టంలోని 19వ సెక్షను చెబుతోంది. ఈ బాధ్యత తల్లిదండ్రులకో, టీచర్లకో పరిమితం కాదు, ప్రతి ఒక్కరిదీ. జరిగిన నేరం గురించి తెలిసి కూడా దాచిపెడితే 6 నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచితే ఏడాది వరకు శిక్ష ఉంది. సదుద్దేశంతో చెప్పినవారిపై మాత్రం సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి వీలులేదు. పరువు తీయాలనో, డబ్బు గుంజాలనో తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసేవారికే శిక్ష; మీ ఆందోళనకూ దానికీ సంబంధం లేదు.

మీరు చూసిన విషయాన్ని మన భాషలో మచ్చిక చేసుకోవడం అంటారు. పిల్లలను గాయపరిచేవాడు ఒక్కసారిగా మీద పడడం తక్కువ. ముందు ఆకలిగా ఉన్న పిల్లను, ఒంటరిగా ఉన్న పిల్లను, ఇంట్లో ఎవరూ పట్టించుకోని పిల్లను ఎంచుకుంటాడు. తినడానికి ఏదో ఇస్తాడు, ఆ తరువాత "ఇది మన ఇద్దరి మధ్యే" అంటూ ఒక చిన్న రహస్యం అప్పగిస్తాడు. ఆ రహస్యాన్ని పిల్ల దాచగలదని తేలాక మరో అడుగు వేస్తాడు. అప్పటికే తీసుకున్న చాక్లెట్లకూ డబ్బులకూ తాను కూడా దోషినేనన్న భావం పిల్లలో నాటుకుని ఉంటుంది. షట్టరు సగం దించి ఉందన్న మీ మాట చదవగానే నాకు ఆందోళన కలిగింది. ఈ ఉత్తరం అచ్చయ్యేవరకు ఆగకుండా 1098కి చెప్పమని మీకు వెంటనే జవాబు పంపాను.

భాష గురించి చట్టం ముందే ఆలోచించింది. ఫిర్యాదు రాసే భాష బిడ్డకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి, వాంగ్మూలం తీసుకునేటప్పుడు కూడా దుభాషి సహాయం ఇవ్వాలి. తెలుగు పిల్లలు బెంగళూరులో తెలుగులోనే చెప్పుకోవచ్చు, అది వారి హక్కు. ఈ సంగతి స్టేషనులో అవసరమైతే మర్యాదగా గుర్తుచేయండి.

ఆ తల్లులతో మీరు తెలుగులో మాట్లాడగలరు, అది చిన్న విషయం కాదు. దినకూలి పోతుందనో, మేస్త్రీ ఊరికి పంపేస్తాడనో వారు నోరు మెదపకపోవచ్చు. వారిని "పిల్లలను అలా వదిలేశారేమిటి" అని నిందించవద్దు, వదలక వారికి గత్యంతరం లేదు. 50 మందికి మించి మహిళా కూలీలు పనిచేసే నిర్మాణ స్థలంలో 6 ఏళ్ళలోపు పిల్లల కోసం ప్రత్యేకంగా గది ఏర్పాటు చేయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 2025 వరకు చెబుతూ వచ్చింది. ఆ పని చేయించమని బిల్డరును మీ కాలనీవారంతా కలిసి అడగవచ్చు. కొత్త అపార్ట్‌మెంటు కొనుక్కోబోయేవారు అడిగితే బిల్డరు ఇంకా త్వరగా వింటాడు.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్ళు. బడి వ్యాను డ్రైవరు వాడికి ఫోనులో చెడ్డ వీడియోలు చూపించాడని తెలిసింది. "మగపిల్లాడికి ఏమవుతుంది, వ్యాను మారిస్తే సరిపోతుంది" అని మా ఇంట్లో వాళ్ళు అంటున్నారు.

సమాధానం: అది సరిపోదు. బిడ్డకు అశ్లీల వీడియోలు చూపించడమే పోక్సో చట్టం కింద నేరం, ఈ చట్టంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా లేదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో వెలువరించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. అలా చెప్పినవారిలో మగపిల్లలే కొంచెం ఎక్కువ. మగపిల్లలు ఏడవకూడదని మనం పెంచిన పెంపకమే వారి నోరు కట్టేస్తుంది. వీడియోలు చూపించడం చాలాసార్లు తరువాతి అడుగుకు తయారీ. వ్యానులో మిగతా పిల్లలు ఉన్నారు కాబట్టి బడి యాజమాన్యానికి రాతపూర్వకంగా చెప్పండి, 1098కి కూడా చెప్పండి. ఆ వీడియోలను మీరు ఎవరికీ పంపవద్దు. వాటిలో పిల్లలు ఉంటే, అటువంటివి దగ్గర ఉంచుకోవడాన్ని కూడా చట్టం ఎంత తీవ్రంగా చూస్తుందో సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

ప్రశ్న: వైట్‌ఫీల్డులో మా అపార్ట్‌మెంట్ల సంఘానికి నేను కార్యదర్శిని. దాదాపు సగం కుటుంబాలు తెలుగువారివే. సీసీ కెమెరాలు పెంచాము, పనివాళ్ళందరికీ పోలీసు తనిఖీ చేయించాము. పిల్లలకు "గుడ్ టచ్, బ్యాడ్ టచ్" తరగతి కూడా పెట్టిస్తున్నాము. ఇంకా ఏమి చేయాలి?

సమాధానం: మీరు చేసినవి మంచి పనులే, కానీ అవన్నీ గేటు బయటి నుంచి వచ్చేవారి వైపు చూస్తున్నాయి. పైన చెప్పిన 2007 అధ్యయనంలోనే వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు అని తేలింది. పనిమనిషినీ వాచ్‌మన్‌నూ తనిఖీ చేసి, ఫ్లాటులో ట్యూషను చెప్పే మాస్టారినీ, ఈత నేర్పే కోచ్‌నూ, క్లబ్ హౌస్‌లో పిల్లలతో ఎక్కువగా కలిసిపోయే సాటి నివాసినీ వదిలేస్తే న్యాయం కాదు. పోలీసు తనిఖీలో ఇంతకుముందు పట్టుబడినవారే తెలుస్తారు. అందుకని మనుషులను అనుమానించే బదులు అందరికీ వర్తించే పద్ధతులు పెట్టండి. ట్యూషను జరిగే గది తలుపు తెరిచే ఉండాలి. ఒక పెద్దవారు ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండే ఏర్పాటు ఎవరికీ ఉండకూడదు, అది సంఘం అధ్యక్షుడైనా సరే. ఫిర్యాదు తీసుకునే ఇద్దరి పేర్లు అందరికీ తెలిసి ఉండాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. ఫిర్యాదు వస్తే సంఘమే విచారణ జరిపి రాజీ కుదర్చకూడదు, చట్టం చెప్పిన చోటికి చేర్చాలి. వాట్సాప్ గ్రూపులో ఆ బిడ్డ పేరు, ఫ్లాటు నంబరు, బడి ఏ రూపంలోనూ రాకుండా చూడటం మీ బాధ్యత.

తరగతి విషయంలో ఒక అభ్యంతరం చెప్పాలి. "చెడ్డ స్పర్శ" అని నేర్పితే, నొప్పి కలగని తాకుడును, కితకితలు పెడుతూ మొదలైన తాకుడును పిల్లలు చెడ్డదని గుర్తించలేరు. తమను చెడ్డవారు తాకారు కాబట్టి తాము కూడా చెడ్డవాళ్ళమయ్యామని కూడా అనుకుంటారు. క్షేమమైనది, క్షేమం కానిది అని చెప్పడం మేలు. ఒంటి భాగాలకు పేర్లు నేర్పడం అంతకంటే ముఖ్యం. మన ఇళ్ళలో ముక్కుకూ చెవికీ పేరు చెప్పి, మర్మాంగాల దగ్గరకు రాగానే "ఛీ, షేమ్" అంటాము. పేరు లేని చోట ఏదైనా జరిగితే బిడ్డ దేనితో చెప్పగలదు? ఇక్కడి ఎన్‌ఫోల్డ్ సంస్థ 2001 నుంచి ఇటువంటి పాఠాలు చెబుతోంది, చెన్నైలో తుళిర్ 2004 నుంచి ఈ పనిలోనే ఉంది. ఎవరిని పిలిచినా పిల్లలకంటే ముందు తల్లిదండ్రులకు తరగతి పెట్టమనండి.

ఆ తరగతిలో మన వరసల గురించి కూడా మాట్లాడుకోవాలని నా కోరిక. "మామయ్యకు ముద్దు పెట్టు, లేకపోతే చాక్లెట్ ఇవ్వడు" అంటాము. నాలుగేళ్ళ పిల్లను బావ వరస వాడి పక్కన నిలబెట్టి "నీ మొగుడే" అని నవ్వుతాము, పిల్ల ముడుచుకుపోతే ఇంకా నవ్వుతాము. వీటిలో చాలావరకు ప్రేమే ఉంటుంది, నేను కూడా అటువంటి ఇంట్లోనే పెరిగాను. కానీ తనకు ఇష్టం లేకపోయినా పెద్దవాళ్ళు కోరితే ఒళ్ళు అప్పగించాలని బిడ్డ నేర్చుకునేది అక్కడే. నమస్కారం పెట్టించండి, అది చాలు. ముద్దు ఇవ్వనంటే ఎవరూ బలవంతం చేయకూడదు, తాతగారైనా సరే.

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. 2009లో, నాకు 10 ఏళ్ళప్పుడు, మా మేనత్త భర్త నన్ను చాలాసార్లు వేధించాడు. అమ్మకు చెబితే "మరిచిపో, అత్త కాపురం కూలిపోతుంది" అంది. వచ్చే నెల నెల్లూరులో గృహప్రవేశానికి ఆయన వస్తున్నాడు. మా అక్క, 5 ఏళ్ళ తన కూతురితో అక్కడే వారం రోజులు ఉంటుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: మీరు ఆనాడే చెప్పారు, చెప్పవలసిన మనిషికే చెప్పారు. పదేళ్ళ పిల్ల చేయగలిగినదంతా మీరు చేశారు. ఆ తరువాత జరిగిన దానిలో మీ బాధ్యత ఇసుమంత కూడా లేదు.

పోక్సో చట్టం 2012 చివరలో వచ్చింది కాబట్టి మీ విషయానికి అప్పటి భారతీయ శిక్షాస్మృతి వర్తిస్తుంది. నేరం ఎటువంటిదన్న దాన్నిబట్టి ఫిర్యాదుకు కాలపరిమితి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తీవ్రమైన నేరాలకు కాలపరిమితి ఉండదు. పిల్లల కేసులు చూసే న్యాయవాదిని కలిసి జరిగినది పూర్తిగా చెప్పి తెలుసుకోండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ నిర్ణయం, ఎవరి తొందరా మీపై పడనివ్వకండి. నిద్ర పట్టకపోవడం గురించి 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్ళోనే ఉంది. ఇన్నేళ్ళు మోసిన బరువును దించుకోవడానికి వైద్య సహాయం తీసుకోవడంలో సంకోచించవలసినది ఏమీ లేదు.

మీ అక్క కూతురి విషయం మాత్రం వచ్చే నెల వరకు ఆగదు. అక్కకు ఫోన్ చేయండి, ఆమె ఒంటరిగా ఉన్న సమయం చూసుకుని చేయండి. మీకు జరిగినదంతా వివరంగా చెప్పనవసరం లేదు. "చిన్నప్పుడు మామయ్య నాతో తప్పుగా ప్రవర్తించాడు, పాపను ఒక్క నిమిషం కూడా ఆయన దగ్గర ఒంటరిగా వదలకు, రాత్రి నీ పక్కనే పడుకోబెట్టుకో" అంటే చాలు. ఆమె వెంటనే నమ్మకపోవచ్చు, ఏడవవచ్చు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మీమీదే కోపం తెచ్చుకోవచ్చు. ఆ కోపం చాలాసార్లు భయానికి మరో రూపం, దానికి జవాబు చెప్పుకోవలసిన పని మీకు లేదు. ఆ ఇంట్లో ఏ బిడ్డ విషయంలోనైనా ఇప్పుడు కూడా అనుమానం కలిగితే 1098కి చెప్పండి. గృహప్రవేశానికి మీరు వెళ్ళకపోతే కారణం ఎవరికీ చెప్పనక్కరలేదు. అక్కతో మాట్లాడటం మాత్రం ఆమె ప్రయాణానికి ముందే, ఈ వారంలోనే పూర్తి చేయండి.